కాపలా మారిన ఆదివారం

శుక్రవారం పొద్దున కళావతి తన చీరలు సర్దుకుని పై గది ఖాళీ చేసింది. వియ్యాలవారు మధ్యాహ్నానికి దిగుతారు. పెట్టెను ఒక్కో మెట్టు దించుకుంటూ వచ్చి మెట్ల కింద, గొడుగుల పక్కన నిలబెట్టింది. మళ్ళీ పైకి వెళ్ళి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, మూలలు బిగించి పరుపు కిందికి దోపింది. దిండును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తన కొబ్బరినూనె వాసన ఉంది. గలేబు కూడా మార్చింది.

లీసెస్టర్‌లో ఈ ఇంటికి ఆమె వచ్చిన కొత్తలో కిటికీ బయటి చెట్టుకు ఒక్క ఆకు లేదు. ఇప్పుడు ఆకులు కమ్ముకుని ఎదురింటి గోడే కనపడటం లేదు. మనవరాలు సాత్వికకు ఐదు నెలలు నిండాయి. ఇంట్లో అందరికీ చిన్ని. ఆదివారం సాయంత్రం కళావతి విమానం. వీసా ఆర్నెల్లకే ఇచ్చారు. ఆ తరువాత ఆర్నెల్లు అల్లుడి అమ్మానాన్నలవి. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో పిల్ల పుడితే పద్ధతి ఇదే. ముందు అమ్మమ్మ, తరువాత నానమ్మ. పార్కులో పిల్లల ప్రామ్ బండి తోసుకుంటూ పోయే ఆడవాళ్ళను చూస్తే ఏ ఇంట్లో ఎవరి వంతు నడుస్తోందో చెప్పవచ్చు.

కిందికి వచ్చి పప్పుకు పోపు పెట్టింది. పోపు సామాను ఒక రేకు బిస్కెట్ డబ్బాలో ఉంటుంది. మూత మీద ఎర్రకోటు సిపాయి బొమ్మ. నల్ల బొచ్చుటోపీ కళ్ళ మీదికి దిగి ఉంటుంది. వచ్చిన వారంలోనే ఆ బొమ్మ చూపించి ఎవరని అడిగితే, అల్లుడు హర్షవర్ధన్ నవ్వి, "రాజుగారి ప్యాలెస్ దగ్గర కాపలా ఉంటారు ఆంటీ. వీళ్ళు డ్యూటీ మారుతుంటే చూడ్డానికి పెద్ద తిరనాళ్ళలా జనం. చూపిస్తాం" అన్నాడు. చలి తగ్గనీ అన్నారు. పిల్లకు సూదులు అయిపోనీ అన్నారు. ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఆమే గుర్తు చేయలేదు. ఆవాలు తీసిన ప్రతిసారీ సిపాయి ముఖం చూసేది. టోపీ కింద కళ్ళు కనపడవు.

మధ్యాహ్నం తలుపు తీయగానే మామిడికాయ వాసన వచ్చింది. వెనకాల వియ్యపురాలు వరలక్ష్మి వచ్చింది. ఆవకాయ డబ్బాలో నూనె కొంచెం కారి సంచీ అడుగు ఎర్రబడింది.

"చూశారా వదినగారూ, తెనాలి నుంచి లండన్ దాకా బొట్టు కారలేదు, మీ అల్లుడి కారెక్కాక కారింది. వీడి డ్రైవింగ్ అలాంటిది" అంటూ చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తడి చేతులు చీరకు తుడుచుకుంటూనే పాప కోసం చాపింది. "ఏదీ, నా బంగారుకొండేదీ!"

చిన్ని కొత్త ముఖం వంక కాసేపు చూసింది. పెదవి వంకర పోయింది. ఏడుపు అందుకుంది.

"నీ నానమ్మనే! ముక్కు చూడు, నీ ముక్కే!" అని వరలక్ష్మి అటూ ఇటూ ఊపింది. ఏడుపు పెరిగింది. ఆమె భర్త ఆంజనేయప్రసాద్ కోటు కూడా విప్పకుండా సోఫాలో కూలబడి, "నీ గొంతు విని నేనూ అలాగే జడుసుకున్నాను మొదట్లో. అలవాటైపోతుందిలే తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. కళావతి చేతులు చాపింది. పాప ఆమె మెడ పక్కన ముఖం దూర్చుకుని రెండు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది.

భోజనాలయ్యాక టీ తాగుతూ హర్షవర్ధన్ ఫోన్‌లో ఏదో చూసి తలెత్తాడు. "నాన్నా, ఎల్లుండి ఆదివారం గార్డ్స్ మార్పు ఉంది. ప్యాలెస్‌కి వెళ్దాం. ఎలాగూ ఆంటీని హీత్రూలో దింపాలి కదా, దారిలో పనైపోతుంది."

కళావతి టీ వంపుతోంది. ధార తెగలేదు.

"అమ్మ గూడ చూడలేదు కదా ఇన్ని రోజులు" అంది కూతురు కిరణ్మయి.

"అందుకేగా. అందరం కలిసి."

అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అల్లుడు మంచివాడు. ఆమెకు జ్వరం వస్తే డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి పట్టుబట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నది అతనే. కళావతి టీ కప్పులు ట్రేలో పెట్టి అందించింది. తన కప్పు వంటింట్లోనే ఉంచుకుని నిలబడి తాగింది. 'దారిలో పనైపోతుంది' అన్న మాట మాత్రం చేపముల్లులా గుచ్చుకుంది. వేలు పెడితే దొరకదు.

శనివారం పొద్దున పాపకు స్నానం. కళావతి పాత చీర మోకాళ్ళ దాకా చెక్కుకుని, నీళ్ళు లేని బాత్‌టబ్‌లోకి దిగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇక్కడ స్నానానికి పీట వేసుకునే చోటు లేదు. మొదటి వారమే ఆమె ఈ ఉపాయం కనిపెట్టింది. ముంజేతి మీద నీళ్ళ వేడి చూసుకుంది. పాపను కాళ్ళ మీద బోర్లా వేసి నూనె రాసింది, వెన్నెముకకు అటూ ఇటూ బొటనవేళ్ళతో కిందికి దిగింది. శనగపిండి మడతల్లో అద్ది, మగ్గుతో నీళ్ళు పోసింది. నీళ్ళు ముఖం మీదికి రాకుండా ఎడమచెయ్యి నుదుటికి చూరులా అడ్డం పెట్టింది. వరలక్ష్మి గుమ్మంలో నిలబడి టవల్ పట్టుకుని చూస్తోంది.

"మీరు టబ్బులో కూర్చున్నారేంటండీ!" అంది నవ్వుతూ. నవ్వు ఆగాక కూడా చూస్తూనే ఉంది. కళావతి కాళ్ళు ఎంత ఎడంగా పెట్టిందీ, చెయ్యి ఎక్కడ పట్టిందీ.

కళావతి తొందరగా ముగించి పాపను టవల్‌లోకి ఇచ్చింది.

"సాంబ్రాణి వేయకుండా ఏం స్నానమండీ. నేను తెచ్చాగా" అని వరలక్ష్మి సంచీలోంచి సాంబ్రాణి కప్పుల పెట్టె తీసింది. హాల్లో చిన్న పళ్ళెంలో ఒక కప్పు పెట్టి, అగ్గిపుల్ల గీసింది. కళావతి వంటింటి గుమ్మంలో ఉంది. తల పైకెత్తి ఇంటి పైకప్పుకు ఉన్న తెల్లటి గుండ్రటి పొగ అలారం బిళ్ళను చూసింది. డిసెంబరులో తాను ఊదు వేస్తే అది ఇల్లంతా అదిరేలా మోగింది. ఆమె తల దించి, కొత్తిమీర కాడలు తుంచడం మొదలుపెట్టింది.

పొగ సన్నగా లేచింది, వంకర తిరిగింది, పైకప్పుకు చేరింది. ఇల్లంతా కీచుమంది. చిన్ని ఉలిక్కిపడి ఏడ్చింది. హర్షవర్ధన్ నురగ నిండిన బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చి టవల్‌తో పైకప్పు కింద విసిరాడు. ఆంజనేయప్రసాద్ వార్తల పేపరు పట్టుకుని, "ఏమిట్రా అది, బాంబా? ఇల్లు ఖాళీ చెయ్యాలా?" అని గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. వరలక్ష్మి మండుతున్న కప్పును పళ్ళెంతో సహా పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక సింక్ దగ్గరికి నడిచింది. కళావతి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

అంతా సద్దుమణిగాక కిరణ్మయి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, నీకెరుకే కదా అది మోగుతదని. చెప్పద్దా?"

"అడిగితే చెప్తుంటి."

కిరణ్మయి తల్లి ముఖం వంక చూసింది. కళావతి కాడలు కత్తిపీట పక్కన సమంగా పేర్చింది.

"సోమవారం నుంచి నేను ఆఫీసుకు పోవాలె. పగటి నిద్ర ఎట్లనో అత్తయ్యకు చెప్పు. నాకైతే తెల్వది, నా దగ్గర పాలు తాగుకుంటనే పండుకుంటది. మధ్యాహ్నం నువ్వే కదా ఎప్పుడు పండవెట్టేది."

"చెప్పనీకేమున్నది బిడ్డా? పిల్లనే నేర్పుతది."

ఆ సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే చిన్నికి నిద్ర ముంచుకొచ్చింది. వరలక్ష్మి భుజాన వేసుకుని హాల్లో తిరిగింది. కృష్ణుడి పాట పాడింది. కిటికీ దగ్గర కాకిని చూపించింది. ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. పాప వీపు విల్లులా వంచి ఏడ్చింది. "ఇదేం రాగమే తల్లీ, మా ఊరి హరికథ దాసుకు కూడా ఇంత గుక్క లేదు" అంది నవ్వుతూ. కాసేపయ్యాక నవ్వడం మానేసింది. మెడ మీద చెమట పట్టింది. భర్తను, "ఆ టీవీ కట్టెయ్యండి ముందు" అని కసిరింది. టీవీ చప్పుడే లేదు.

కళావతి చపాతీలు ఒత్తుతోంది. గుక్క ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మళ్ళీ అందుకుంటుందో వింటోంది. చేతిలోని చపాతీ గుండ్రంగా పూర్తయ్యేదాకా ఒత్తింది. అప్పుడు చేతులు కడుక్కుని వచ్చి, పాపను అందుకుని మెట్లెక్కింది. గది తలుపు వేసింది.

కార్పెట్ మీద కూర్చుని కాళ్ళు చాపింది. రెండు పిక్కల నడిమి లోయలో పాపను వెల్లకిలా పడుకోబెట్టింది. పాప మడమ కింద రెండు వేళ్ళతో నెమ్మదిగా తట్టసాగింది. గొంతులోంచి వచ్చింది పాటా కాదు, మాటా కాదు.

"లాభం... లాభం... లాభం... రెండూ... రెండూ... రెండూ... మూడూ..."

కల్లంలో వడ్లు కొలిచేటప్పటి లెక్క అది. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కుంచం కుప్పలో ముంచి, చేత్తో తలగొట్టి, గోనెలో గుమ్మరించేదాకా అదే అంకె అంటూ ఉంటారు, లెక్క తప్పకుండా. కళావతికి జోలపాటలు రావు. పాప పుట్టిన కొత్తలో ఏదీ పనిచేయని ఒక మధ్యాహ్నం నోటికి వచ్చింది ఇదే. అప్పటి నుంచి చిన్ని నాలుగో కుంచం దాకా వస్తే ఎక్కువ.

మెట్ల మీద చెక్క కిర్రుమంది. తలుపు అవతల ఎవరో ఆగారు. కళావతి గొంతును ఇంకా లోపలికి దించుకుంది. పెదవులు మాత్రం కదిలాయి. వేళ్ళు తడుతూనే ఉన్నాయి. పాప కనురెప్పలు వాలాయి.

తలుపు తీసేసరికి వరలక్ష్మి మెట్ల పైన ఉతికిన బట్టల బుట్ట ముందు కూర్చుని, ఒక చిన్న గౌను మడత పెడుతోంది. మడిచింది విప్పి మళ్ళీ మడిచింది.

"ఏం పాడారు వదినగారూ? నాకేం వినపడలేదు."

"ఏం పాడలె. నిద్రొచ్చింది, పండుకున్నది."

వరలక్ష్మి తలూపింది. కళావతి దిగి వచ్చి పెనం మళ్ళీ వేడి చేసింది. సోమవారం మధ్యాహ్నం వీళ్ళకు తెలుస్తది అనుకుంది. ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు దాచుకుంది. చపాతీ పొంగింది. దాన్ని నొక్కి తిప్పింది.

ఆదివారం పెద్ద కారు అద్దెకు తెచ్చాడు హర్షవర్ధన్. కళావతి పెట్టె అందరికంటే ముందు ఎక్కింది, దాని మీద ప్రామ్. స్టాన్‌మోర్ స్టేషన్ దగ్గర కారు పెట్టి ట్యూబ్ ఎక్కారు. రైలు భూమి లోపలికి దిగగానే చిన్ని కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుని, దాన్ని పట్టుకోవాలని చెయ్యి చాచింది. ఆంజనేయప్రసాద్ దారి పొడవునా ఢిల్లీ కబుర్లే చెప్పాడు.

"రాష్ట్రపతి భవన్ దగ్గర కూడా కాపలా మారుస్తారు చెల్లెమ్మా. నేను ఎల్‌టీసీ మీద వెళ్ళినప్పుడు చూశాను. గుర్రాలు! ఒక్కో గుర్రం ఇంతెత్తు. ఒళ్ళు అద్దంలా ఉంటుంది. వాటి ముందు ఇదెంత? మనం చూడనిదేం కాదు. వాడి సరదా కోసం వస్తున్నానంతే."

"అయితే కార్లోనే కూర్చోవలసింది" అంది వరలక్ష్మి.

గ్రీన్ పార్క్‌లో లిఫ్ట్ ఎక్కి పైకి వచ్చేసరికి జనం అంతా ఒకే దిక్కుకు నడుస్తున్నారు. పెద్ద చెట్ల మధ్య పచ్చిక మీద మడత కుర్చీలు. దూరంగా బంగారు పూత పూసిన బొమ్మ ఎండకు మెరిసింది. ప్యాలెస్ ముందు గేటు చువ్వల నిండా మనుషులు, వాళ్ళ వెనక మనుషులు, భుజాల మీద పిల్లలు. పసుపు జాకెట్ల పోలీసులు తాళ్ళు కట్టారు. గుర్రం మీద ఒక ఆడ పోలీసు అందరినీ వెనక్కి జరగమంటోంది. ఎక్కడి నుంచో బ్యాండు చప్పుడు వినపడింది. మనం చూడనిదేం కాదన్న ఆంజనేయప్రసాద్ అందరికంటే ముందు పరుగులాంటి నడక అందుకున్నాడు.

ప్రామ్ నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. ముందు కాళ్ళు, సంచులు, ఇంకో రెండు ప్రాములు.

"దీనితో ముందుకి పోలేం" అన్నాడు హర్షవర్ధన్. చుట్టూ చూశాడు. రోడ్డు మలుపులో ఇనుప కంచె వెనక ఒక చెట్టు ఉంది. దాని కింద జనం పలచగా ఉన్నారు. "ఆంటీ, మీరు పాపతో అక్కడ నీడలో ఉంటారా? మేం చూసి వచ్చి మిమ్మల్ని పంపిస్తాం. చాలాసేపు జరుగుతుంది."

"నేనుంటా. అమ్మను తీస్కపో" అంది కిరణ్మయి.

"నువ్వు పో బిడ్డా. మీ అత్తమ్మకు చూపియ్యి, కొత్త కదా" అంది కళావతి. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. ఐదు నెలలుగా పాప ఏడిస్తే ముందు లేచింది ఆమెనే. నోటికి వేరే మాట అలవాటు తప్పింది. కిరణ్మయి రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. జనం మధ్యకు పోయింది.

కళావతి చెట్టు కింద ప్రామ్ నిలిపి, చక్రానికి కాలితో బ్రేక్ నొక్కింది. ఎండ పాప కాళ్ళ మీద పడకుండా తన శాలువా గూడులా కట్టింది. ఇక్కడి నుంచి కనిపించేది వీపులు. ఎత్తి పట్టిన ఫోన్లు. వాటి అద్దాల్లో చిన్న చిన్న ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. బ్యాండు వచ్చింది, జనం ఒక్కసారి హోరుమన్నారు, ఎవరో అరిచినట్టు ఆజ్ఞలు వినపడ్డాయి. బూట్లు ఒక్కసారే నేలను తాకిన చప్పుడు. ఆమె కాలి మడమలెత్తి చూసింది. ఒకాయన తలపాగా కనపడింది. మడమలు దించింది. పక్కనున్న తెల్లావిడ తన కుక్కకు నీళ్ళు పోస్తూ ఈమె వంక చూసి ఏదో అని నవ్వింది. కళావతి కూడా నవ్వింది.

చిన్ని నిద్ర కోసం కళ్ళు నలుపుకుంటోంది. కళావతి శాలువా కిందికి చెయ్యి పోనిచ్చి మడమ వెతికింది.

కాసేపటికి జనంలో ఒక చోట కదలిక కనిపించింది. భుజాలను తోసుకుంటూ, "ఎక్స్‌క్యూజ్ మీ అండీ, ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ వరలక్ష్మి బయటికి వచ్చింది. కొంగు జారింది, కొప్పు పక్కకు ఒరిగింది. ఎండకు కళ్ళు చిట్లించి చెట్ల కింద వెతికి, ఇటు వచ్చింది.

"పదండి వదినగారూ. మీరు వెళ్ళండి. ఆ నీలం టోపీ ఆయన పక్క నుంచి నేరుగా వెళ్తే చువ్వల దగ్గర మీ అన్నయ్యగారు ఉన్నారు, నా చోటు పట్టుకున్నారు. నేనుంటాను పిల్ల దగ్గర."

"అయిపోయిందా?"

"ఎక్కడ. కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ ఎదురెదురు నిలబడ్డారు. ఇద్దరు ఆఫీసర్లు ముందుకు నడిచి చెయ్యీ చెయ్యీ తాకించుకున్నారు. కోట తాళాలు అప్పజెప్పడమటండీ అది. మావాడు చెప్పాడు. ఇక పాటలు వాయిస్తున్నారు." ఆమె ఒక గుక్క ఊపిరి తీసుకుంది. "ఎంత పద్ధతిగా అప్పజెప్పుకుంటున్నారో. అది చూస్తుంటే నాకు నిలబడ బుద్ధి కాలేదు."

కళావతి ప్రామ్ పిడి వదిలింది. వరలక్ష్మి పట్టుకుంది. పట్టుకున్న చేతులు గట్టిగా ఉన్నాయి, వేళ్ళ కణుపులు తేలాయి.

"వెళ్ళండి మరి."

కళావతి రెండు అడుగులు వేసింది.

"ఏడిస్తే?" అంది వరలక్ష్మి వెనక నుంచి. ఎప్పటి గొంతు కాదు అది. "వదినగారూ, హర్షను నేను పెంచలేదండీ. మా అత్తగారు పెంచింది. పాలివ్వడానికి నా ఒళ్ళో వేసేది, తాగగానే తీసుకునేది. నీళ్ళు పోయడం, నిద్రపుచ్చడం, ఏదీ నా చేతికి రానివ్వలేదు. వీడికి ఏడేళ్ళొచ్చాక ఆవిడ పోయింది. అప్పుడు వీడు నాతో పడుకోవడానికి మొహమాటపడ్డాడు. రేపు మీరుండరు, కిరణ్మయి ఆఫీసులో ఉంటుంది. మీ అన్నయ్యగారి సంగతి చూశారుగా, సాంబ్రాణికే వీధిలోకి పరిగెత్తారు."

అటువైపు బ్యాండు కొత్త పాట అందుకుంది. జనం తల ఊపుతున్నారు. నీలం టోపీ ఆయన పక్కన సందు ఇంకా ఉంది. కళావతి దాని వంక చూసింది. ఒక పిల్లవాడు అందులో దూరాడు.

ఆమె వెనక్కి వచ్చింది. చెట్టు మొదట్లో గడ్డి మీద కూర్చుంది.

"కూసోండ్రి వదినె. కాళ్ళు చాపుండ్రి."

"ఇక్కడా? చీర..."

"చాపుండ్రి. మోకాళ్ళు గంత బిగవట్టద్దు."

వరలక్ష్మి చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. కళావతి పాపను ఎత్తి ఆమె పిక్కల నడిమి పడుకోబెట్టింది. తల పాదాల వైపు. చిన్ని పెదవి వంకర పెట్టింది.

"మొకంల మొకం పెట్టి చూడకుండ్రి, గప్పుడే ఏడుస్తది. చెట్టు దిక్కు చూడుండ్రి. వీపు మీద కాదు, గీడ, మడమ కింద. రెండు వేళ్ళు. చినుకులు పడ్డట్టు." ఆమె వరలక్ష్మి వేళ్ళను పట్టుకుని పాప మడమకు ఆనించింది. కొద్దిసేపు వేళ్ళ మీద వేళ్ళు ఉంచి తట్టించింది. తరువాత గొంతు సవరించుకుంది. "లాభం... లాభం... లాభం... రెండూ... రెండూ..."

వరలక్ష్మి చెట్టు వైపు చూస్తున్నదల్లా తిరిగి చూసింది. "కొలతల పాట! మా నాన్న కల్లంలో అనేవాడు, మేం గోనె మూతి పట్టుకునేవాళ్ళం. ఇంతేనా? మొన్న సాయంత్రం తలుపేసుకుని మీరు అన్నది ఇదా?"

"ఇదే. మొన్న కాదు, నిన్న."

"నాకు నిన్నటి సాయంత్రం నాలుగు రోజులంత ఉంది."

కళావతి గడ్డిపోచ ఒకటి తుంచింది. "పొగ వేస్తే మోగుతదని గూడ నాకెరుకే."

"తెలుసులెండి. మీరు తలెత్తి పైకి చూశారు. నేను అగ్గిపుల్ల గీస్తూ చూశాను." వరలక్ష్మి వేళ్ళు తట్టడం ఆపలేదు. "మీ చోట నేనుంటే రెండు కప్పులు వెలిగించమనేదాన్ని."

ఇద్దరూ నవ్వారు, పాప ఉలిక్కిపడకుండా నోళ్ళు మూసుకుని. వరలక్ష్మి భుజాలు కదిలాయి. పాప ఆ కదలికను కాసేపు పరికించి, కళ్ళు మూసుకుంది.

అప్పుడు గేట్ల వైపు నుంచి చప్పుడు దగ్గరైంది. పోలీసు గుర్రం వచ్చి రోడ్డు మలుపులో అడ్డంగా నిలబడింది. చువ్వల దగ్గరి జనం ఇటు తిరిగారు కాని కదిలే చోటు లేదు. కళావతి లేచి ఇనుప కంచె దగ్గరికి నడిచింది. అక్కడ ఆమె, తెల్లావిడ, ఆమె కుక్క, అంతే.

బ్యాండు ముందు నడిచింది. డ్రమ్ము చప్పుడు కడుపులో తెలిసింది. వెనకాల పని దిగిన కాపలావాళ్ళు తుపాకులు భుజాన పెట్టుకుని ఆమె ముందు నుంచే పోతున్నారు. చెయ్యి చాస్తే కోటు అంచు తగిలేంత దగ్గర. ఎర్ర గుడ్డ మీద చెమట మరక. గడ్డం కింద పట్టీ ఒరుసుకుని ఎర్రబడిన చర్మం. ఒకడి బూటు మీద ఎండిన గడ్డిపరక. వరుసలో చివర నడుస్తున్నవాడు మలుపులో కొంచెం తల తిప్పవలసి వచ్చింది. టోపీ కింద కళ్ళు కనిపించాయి. పిల్లవాడు. నిద్ర చాలని కళ్ళు. ఇంటికి పోయి బూట్లు విప్పుకోవాలని ఉన్న ముఖం. అయినా అడుగు తప్పలేదు. గేటు వైపు వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ వేరేవాళ్ళు నిలబడ్డారు.

చప్పుడు చెట్ల వెనక్కి పోయేదాకా కళావతి కంచె పట్టుకుని నిలబడింది.

జనం చెదిరాక అందరూ వచ్చారు. ఆంజనేయప్రసాద్ ముఖం ఎర్రబడింది. "గుర్రాలు లేవు గాని చెల్లెమ్మా, వీళ్ళ టోపీలు... ఆ టోపీలు మాత్రం ఢిల్లీలో లేవు!" హర్షవర్ధన్ చెట్టు కింద తల్లిని చూసి, కళావతిని చూసి, నుదురు రుద్దుకున్నాడు. "అయ్యో ఆంటీ, మీరు రానే లేదా? అమ్మ వచ్చింది కదా, మీరు ముందుకు వస్తారనుకున్నా. సారీ ఆంటీ."

"చూసిన బాబు."

"ఎక్కణ్ణుంచి?"

"గీడికెంచే."

"మీరందరూ వీపులు చూశారు, ఆవిడ ముఖాలు చూసింది" అంది వరలక్ష్మి గడ్డి మీది నుంచి. "ముందు నన్ను లేపండ్రా. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పిల్ల నిద్రపోయింది, మెల్లిగా."

కిరణ్మయి పాపను చూసింది, అత్తగారి చాపిన కాళ్ళను చూసింది, తల్లిని చూసింది. తల్లి భుజం మీది గడ్డిపరక తీసి పారేసింది.

హీత్రూలో పెట్టె లోపలికి పోయింది. ప్రయాణం చేసేవాళ్ళు మాత్రమే దాటే తాడు దగ్గర అందరూ నిలబడ్డారు. కళావతి చేతిసంచీలో పాస్‌పోర్టు ఉందో లేదో మళ్ళీ తడుముకుంది. అల్లుడు కాళ్ళకు దండం పెడితే, "మంచిగుండు బాబు" అని తల మీద చెయ్యి ఉంచింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "పోపు డబ్బా నిండుగ పెట్టిన. మీ అత్తమ్మకు అందేటట్టు కింది అరల పెట్టిన." కిరణ్మయి తల్లి భుజం మీద ముఖం పెట్టి అలాగే ఉండిపోయింది.

పాప వరలక్ష్మి చేతుల్లో ఉంది. కళావతి ఎత్తుకోలేదు. పాదం ఒకసారి పట్టుకుని వదిలింది.

"పోయొస్త వదినె."

"వెళ్ళి రండి. ఫోన్ చేస్తాను. రోజూ చేస్తాను, విసుక్కోకండి."

తాడు దాటి వరుసలో నిలబడింది. ముందున్నాయన బూట్లు విప్పుతున్నాడు. ట్రేలు చక్రాల మీద దొర్లుతున్నాయి. అప్పుడు వెనక ఏడుపు వినపడింది. గుక్క పెట్టే ముందు వచ్చే చిన్న మూలుగు, తరువాత గుక్క. కళావతి కుడికాలు ఆగింది. చేతిసంచీ పిడి మీద వేళ్ళు రెండు వాటంతట అవే తట్టాయి.

"లాభం... లాభం... లాభం..."

గొంతు గట్టిది. తెనాలి గొంతు. కళావతి దించినట్టు లోపలికి దించలేదు, కల్లంలో అందరికీ వినపడేలా అన్నట్టుంది. చుట్టూ జనం తిరిగి చూసే ఉంటారు. అంకెను సాగదీసే చోట కాకుండా ఇంకో చోట సాగదీస్తోంది. "రెండోయ్... రెండు... రెండోయ్... రెండు..." ఇట్లా కాదు, అనుకుంది కళావతి.

ఏడుపు కొంచెం తగ్గింది. మళ్ళీ లేచింది. మూడోయ్ దగ్గర ఎక్కిళ్ళలోకి దిగింది. నాలుగు వినపడింది. ఆ వెనక వరలక్ష్మి గొంతు ఒక్కటే ఉంది, ఏడుపు లేదు.

ఆమె ముందు ఒక ట్రే ఖాళీగా వచ్చి ఆగింది. కళావతి చేతిసంచీ తీసి అందులో పెట్టింది, శాలువా మడిచి దాని మీద పెట్టింది, ముందుకు నడిచింది.